ఏ రూలు ప్రకారం?

(మహాసభల్లో భాగంగా జరిగిన సాఫ్ట్‌వేర్ వృత్తి నిపుణుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పక్క హాల్లో పాటల పోటీ జరుగుతోంది. కింద భోజనాల లైను అప్పుడే మొదలైంది. అయినా ఇంతమంది ఈ గదికి వచ్చారంటే, మీలో సగం మంది నా వృత్తివాళ్ళే అయ్యుండాలి, మిగతా సగం మంది దారితప్పి వచ్చుండాలి. ఇద్దరికీ స్వాగతం. దారితప్పి వచ్చినవాళ్ళకు కూడా అర్థమయ్యేలా చెప్పగలనా లేదా అన్నదే ఈ రోజు నాకు పరీక్ష.

మా అమ్మ మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు, "నువ్వు ఆఫీసులో చేసే పనేమిట్రా?" అని అడిగింది. "రూల్సు రాస్తానమ్మా" అన్నాను. "రూల్సు పెట్టినందుకు కూడా జీతాలిస్తారా? అయితే మీ నాయనమ్మకి ఎంత బాకీ ఉన్నారో!" అంది.

మా నాయనమ్మ రూల్సు చాలా ఉండేవి. అందులో ఒకటి, దీపాలు పెట్టాక ఇల్లు ఊడవకూడదు. ఎందుకు అంటే లక్ష్మి వెళ్ళిపోతుంది అనేది. ఒకసారి నేను వదలకుండా అడిగితే అసలు సంగతి చెప్పింది. "మా రోజుల్లో కిరసనాయిలు దీపాలు. ఆ గుడ్డి వెలుతుర్లో ఊడిస్తే, కింద పడ్డ ముక్కుపుడకో, దిద్దు శీలో చెత్తతో పాటు పోయేది." ఆ మాట చెప్పేనాటికి మా ఇంట్లో ట్యూబులైటు వచ్చి పదేళ్ళయింది. కారణం పోయింది, రూలు మిగిలింది. తీసేసే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. తీసేస్తే ఏమవుతుందో ఎవరికీ తెలియదు కదా!

చాలా ఏళ్ళ తరువాత ఇక్కడ ఒక బీమా కంపెనీ కంప్యూటర్లో అలాంటి రూల్సు కొన్ని వందలు చూశాను. వాటిలో ఒకటి నేను రాసిందే. ఈ రోజు దాని కథ చెబుతాను.

ముందు రూల్స్ ఇంజిన్ అంటే ఏమిటో రెండు ముక్కలు. "ఈ పథకంలో సభ్యుడై, వెళ్ళిన డాక్టరు మన నెట్‌వర్కులో ఉంటే, రోగి కట్టాల్సింది 20 డాలర్లు." ఇది వ్యాపారం తాలూకు రూలు. దీన్ని మామూలు ప్రోగ్రాంలో రాస్తే, 20 డాలర్లు 25 అయిన ప్రతిసారీ ప్రోగ్రామరు కావాలి, మళ్ళీ పరీక్షలు కావాలి, కొత్త వెర్షను విడుదల కావాలి. అందుకని రూల్సును ప్రోగ్రాంలోంచి బయటికి తీసి విడిగా పెడతారు. ఒక్కో రూలుకు రెండే భాగాలు: ఇలా ఉంటే, ఇలా చెయ్యి. మన ముందున్న వివరాలకు ఏ రూల్సు వర్తిస్తాయో వెతికి, వాటిని అమలు చేసే పని ఇంజిన్‌ది. ఏం చెయ్యాలో మనం చెబుతాం, ఎప్పుడు చెయ్యాలో అది చూసుకుంటుంది. దాని బలమూ అదే, ప్రమాదమూ అదే.

ఈ వెతకడం చిన్న పని కాదు. వెయ్యి రూల్సు, లక్ష వివరాలు ఉంటే, ప్రతి రూలునూ ప్రతి వివరంతో పోల్చుకుంటూ పోతే తెల్లవారినా పని తెమలదు. దీనికి దారి చూపినవాడు పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన చార్ల్స్ ఫోర్గీ. 1979లో డాక్టరేటు కోసం సమర్పించి, 1982లో పత్రికలో ప్రకటించిన ఆయన పద్ధతి పేరు రీటే. లాటిన్‌లో వల అని అర్థం. మన పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసేవాళ్ళను గుర్తు తెచ్చుకోండి. ఒక్కో ఉత్తరం చేత్తో పట్టుకుని వీధి వీధీ తిరగరు. ముందు ఊరు చూసి ఒక సంచిలో వేస్తారు, తరువాత పేట, ఆ తరువాతే ఇంటి నంబరు. రీటే చేసేదీ ఇలాంటిదే. యాభై రూల్సులో ఒకే షరతు ఉంటే దాన్ని ఒక్కసారే చూస్తుంది. నిన్న చూసినదాన్ని గుర్తు పెట్టుకుని, ఈ రోజు మారినదాన్నే మళ్ళీ చూస్తుంది. అందుకు బదులుగా మెమరీ ఎక్కువ తింటుంది. క్లిప్స్, జెస్, డ్రూల్స్ లాంటివన్నీ ఈ వల అల్లికలోంచి వచ్చినవే.

ఇక నా కథ. 2006లో ఒక ఆరోగ్య బీమా కంపెనీలో కాంట్రాక్టు మీద పనిచేసేవాణ్ణి. పగలంతా ఆస్పత్రుల నుంచి వచ్చిన క్లెయిములను రాత్రిపూట రూల్స్ ఇంజిన్‌లోంచి పంపేవాళ్ళం. పొద్దున ఆరింటికల్లా పని ముగియాలి. అది మెల్లమెల్లగా ఎనిమిదయింది, తరువాత తొమ్మిదయింది. మేనేజరు నన్ను పిలిచి, "ఏదో ఒకటి చెయ్యి, వచ్చే సోమవారానికి ఆరింటికి ముగియాలి" అన్నాడు.

నేను ఏదో ఒకటి చేశాను. "చికిత్స జరిగిన తేదీకి సభ్యత్వం మొదలై ఉండకపోతే, ఆ క్లెయిమును వెంటనే తిరస్కరించి పక్కన పెట్టు" అని ఒక రూలు రాశాను. ఎలాగూ తిరస్కరించేవాటి మీద మిగతా వందల రూల్సు ఎందుకు నడవాలి అన్నది నా తర్కం. ఏ రూలు ముందు నడవాలో చెప్పడానికి మా భాషలో సేలియెన్స్ అని ఒక అంకె ఇస్తాం. అంకె పెద్దదైతే ముందు వరస. ఆ రూలుకు అన్నిటికంటే పెద్ద అంకె ఇచ్చాను. సోమవారం బ్యాచ్ అయిదున్నరకే ముగిసింది. మేనేజరు నలుగురిలో మెచ్చుకున్నాడు. ఇంటికొచ్చి మా ఆవిడకు కూడా చెప్పుకున్నాను.

రెండు నెలల తరువాత అప్పీళ్ళ విభాగం నుంచి ఒక ఉత్తరం నకలు నా బల్ల మీదికి వచ్చింది. ఒక తల్లి రాసింది. బిడ్డ ఏడు వారాలు ముందే పుట్టాడు. 11 రోజులు ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్నాడు. ఆస్పత్రి బిల్లు మొత్తం ఆ దంపతులే కట్టుకోవాలని మా కంపెనీ చెప్పింది.

మీలో పిల్లలున్నవాళ్ళకు ఈ విషయం తెలిసే ఉంటుంది. 1996లో వచ్చిన హిపా చట్టం ప్రకారం, ఉద్యోగం ద్వారా ఆరోగ్య బీమా ఉన్నవాళ్ళకు బిడ్డ పుడితే, ఆ బిడ్డను పథకంలో చేర్చమని అడగడానికి కనీసం 30 రోజుల గడువు ఉంటుంది. గడువులోపల అడిగితే బీమా పుట్టిన రోజు నుంచే వర్తిస్తుంది. ఈవిడ 19వ రోజున కాగితాలు ఇచ్చింది. మా రికార్డుల్లో మాత్రం ప్రారంభ తేదీగా కాగితాలు అందిన తేదీయే ఎక్కింది. అలా ఎక్కుతుందని ముందే తెలిసినవాళ్ళు ఎవరో ఒక పాత రూలు రాసి పెట్టారు. చేరడానికి కారణం ప్రసవమైతే, గడువులోపల అడిగి ఉంటే, ప్రారంభ తేదీని పుట్టిన తేదీగా మార్చు అని. ఆ రూలు ఏళ్ళ తరబడి చక్కగా పనిచేసింది. నేను పెద్ద అంకె ఇచ్చి నా రూలును దాని ముందుకు తోశాను. తేదీ దిద్దేలోపలే ఆ బిడ్డ క్లెయిము తిరస్కరణ బుట్టలో పడింది.

ఆ ఉత్తరంలో ఆవిడ కోపంగా ఏమీ రాయలేదు. "రూలు ప్రకారం కుదరదని ఫోనులో మూడుసార్లు చెప్పారు. ఏ రూలు ప్రకారం? దయచేసి దాన్ని నాకు చూపించండి" అని మాత్రం అడిగింది.

అది ఆవిడ హక్కు కూడా. ఉద్యోగుల పథకాలకు వర్తించే ఎరిసా చట్టం 1974 నాటిది. దాని ప్రకారం క్లెయిము కాదన్నప్పుడు కారణమేమిటో, పథకంలోని ఏ నిబంధన ప్రకారం కాదన్నారో రాతపూర్వకంగా చెప్పాలి. మేము పంపిన కాగితంలో "చికిత్స తేదీకి సభ్యత్వం లేదు" అని ఉంది. అది మా యంత్రం చెప్పిన కారణం. నిజం కాదు.

ఆవిడ ప్రశ్నకు జవాబు వెతకడానికి మాకు నాలుగు రోజులు పట్టింది. ఏ రూలు ఏ రూలుకు ముందు నడుస్తోందో చూడటానికి అంకెలన్నీ కాగితం మీద రాసుకుని గోడకు అంటించాం. నాలుగో రోజు సాయంత్రం ఆ రూలు దొరికింది. ఎందుకు రాశారో ఒక్క ముక్క లేదు. పేరు చూస్తే ఏమీ తెలియదు. రాసినవారి గడిలో నా లాగిన్ పేరు ఉంది. అప్పటిదాకా అందరితో పాటు నేనూ ఆ పాపాత్ముడెవరా అని వెతుకుతున్నాను!

బిల్లు కంపెనీ చెల్లించింది. అదే కారణంతో తిరస్కరించిన మిగతా క్లెయిములనూ వెతికి మళ్ళీ నడిపించాం. నా రూలు తీసేశాం. మరి బ్యాచ్ మళ్ళీ తొమ్మిదింటికి వెళ్ళాలి కదా? వెళ్ళలేదు. మా బృందంలో కోబాల్ రోజుల నుంచి ఉన్న ఒక పెద్దావిడ అసలు ఆలస్యం ఎక్కడుందో ఒక్కొక్క రూలూ కొలిచి చూసింది. ఒకే క్లెయిము రెండుసార్లు వచ్చిందేమో చూసే రూలు ఒకటి ఉంది. అది ప్రతి క్లెయిమునూ మిగతా అన్ని క్లెయిములతో పోలుస్తోంది. వెయ్యి క్లెయిములుంటే 10 లక్షల జతలు. పదివేలుంటే 10 కోట్లు. ఆవిడ అందులో ఒక్క షరతు ముందుకు చేర్చింది: రెండు క్లెయిముల సభ్యత్వ సంఖ్య ఒకటే అయ్యుండాలి. రెండూ సమానం అని చెబితే ఇంజిన్ దాన్ని సూచికలా వాడుకుంటుంది, ఆ ఒక్క మనిషి క్లెయిముల్నే చూస్తుంది. బ్యాచ్ నాలుగింటికి ముగిసింది. అంటే వేగం కోసం నేను రాసిన రూలు అసలు అక్కరే లేదు. ఎక్కడ ఆలస్యమవుతోందో కొలవకుండా మందు వేశాను. రోగం ఒకచోట ఉంది, మందు పసిబిడ్డ మీద పడింది.

ఈ దెబ్బతో నేను నేర్చుకున్నవి చెబుతాను. నా వృత్తివాళ్ళు రాసుకున్నా సరే, వద్దనను.

మొదటిది, రూలు తన కాళ్ళ మీద తను నిలబడాలి. పక్క రూలు ముందు నడుస్తుందిలే అన్న ధీమాతో రాసింది రూలు కాదు. నా రూలు చూడాల్సింది రికార్డుల్లోని పచ్చి తేదీని కాదు, అన్నీ ఆలోచించి తేల్చిన తేదీని. తరువాత మేము పనిని మూడు అంచెలుగా విడదీశాం. మొదటి అంచెలో వివరాలు సరిదిద్ది తేల్చడం. రెండో అంచెలో నిర్ణయం. మూడో అంచెలో ఉత్తరాలు, చెల్లింపులు. రెండో అంచె రూలు మొదటి అంచె తేల్చినదాన్నే చూడాలి. ఇలా విడదీస్తే సేలియెన్స్ అంకెలతో పని దాదాపు ఉండదు. మీ రూల్సులో ఆ అంకెలు వందలు దాటి వేలల్లోకి వెళుతున్నాయంటే, ఎవరో ఒకరు నాలాగే లైనులో ముందుకు తోసుకుంటున్నారని అర్థం.

రెండోది, ఒక రూలులో ఒకే నిర్ణయం ఉండాలి. "ఇలా ఉంటే ఇలా చెయ్యి, కాకపోతే అలా చెయ్యి, అదీ కాకపోతే..." అని సాగిందంటే మళ్ళీ పాత ప్రోగ్రామే రాస్తున్నాం. విడగొడితే ఒక్కోటీ విడిగా పరీక్షించవచ్చు, విడిగా తీసేయవచ్చు.

మూడోది, ఒకే పోలికలో ఇరవై రూల్సు ఉంటే వాటిని పట్టికగా రాయండి. వయసు, పథకం, నెట్‌వర్కు నిలువు గళ్ళు, కట్టాల్సిన డబ్బు చివరి గడి. పట్టికలో కంటికి ఆనేవి విడి రూల్సులో ఆనవు. "18 కంటే తక్కువ" అని ఒక వరస, "18 కంటే ఎక్కువ" అని ఇంకో వరస ఉంటే, సరిగ్గా 18 ఏళ్ళ కుర్రాడు ఎక్కడికి పోవాలి? పట్టికలో ఖాళీలూ ఉండకూడదు, ఒకదాని మీద ఒకటి పడటమూ ఉండకూడదు. 2015లో మొదటి వెర్షను వచ్చిన డీఎంఎన్ అనే ప్రమాణంలో దీనికి పద్ధతి ఉంది. ప్రతి కేసుకూ ఒకే ఒక్క వరస సరిపోవాలి అని ముందే ప్రకటించవచ్చు. పైనుంచి మొదట సరిపోయిన వరసే లెక్క అనే పద్ధతి కూడా ఉంది కానీ, వరసలు అటూ ఇటూ మారితే జవాబు మారిపోతుంది. మళ్ళీ నా కథే.

నాలుగోది వేగం. వేగం కోసం విడిగా మంత్రాలు అక్కర్లేదు. ఎక్కువ వాటిని వడగట్టే షరతు ముందు రాయండి. రెండు వివరాలను జత చేసేటప్పుడు ఏ సంఖ్యతో జత చేయాలో తప్పకుండా చెప్పండి. షరతు భాగంలో డేటాబేసు పిలుపులు పెట్టకండి, అది ఎన్నిసార్లు నడుస్తుందో మీ చేతిలో ఉండదు. కావలసిన వివరాలు ముందే తెచ్చి ఇంజిన్‌కు ఇవ్వండి, అక్కరలేనివి ఇవ్వకండి. రూలు తను పరీక్షించే వివరాన్నే మారిస్తే, మళ్ళీ తనే మేలుకుని తోక తరిమే కుక్కలా తిరుగుతుంది, చూసుకోండి. అన్నిటికంటే ముందు కొలవండి. స్పష్టంగా రాసిన రూలు మామూలుగా వేగంగానే నడుస్తుంది. మనిషికి అర్థంకాని రూలే యంత్రానికీ బరువవుతుంది.

అయిదోది, కారణం రూలు పక్కనే రాయాలి. ఏ చట్టం, పథకంలో ఏ సెక్షను, ఎవరు అడిగారు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు. దీపాల కింద ఊడవకూడదన్న రూలు పక్కన "కిరసనాయిలు దీపాలు ఉన్నంతవరకు" అని రాసి ఉంటే, మా అమ్మ ట్యూబులైటు వచ్చిన రోజే దాన్ని కొట్టేసేది. కారణం తెలిస్తేనే రూలును ధైర్యంగా తీసేయగలం. కారణం తెలిస్తేనే ధైర్యంగా ఉంచగలం కూడా. పాత ప్రసవం రూలు పక్కన ఆ హిపా గడువు సంగతి రాసి ఉంటే, దాని ముందుకు వెళ్ళేముందు నేను ఒక్క నిమిషం ఆగేవాణ్ణేమో.

ఆరోది, జరిగిన ప్రతి తప్పునూ ఒక పరీక్షగా మార్చి పెట్టండి. పేర్లు, సంఖ్యలు మార్చి ఆ బిడ్డ క్లెయిమును మా పరీక్షల్లో మొదటి పరీక్షగా పెట్టాం. ఎవరు ఏ రూలు మార్చినా ముందు ఆ క్లెయిము నడుస్తుంది. చెల్లించాలి అని జవాబు వస్తేనే మిగతావాటికి దారి.

ఇవేమీ నేను కనిపెట్టినవి కావు. ఎక్స్‌కాన్ అని ఒక ప్రసిద్ధమైన వ్యవస్థ ఉండేది. 1978లో కార్నెగీ మెలన్‌లో జాన్ మెక్‌డెర్మట్ మొదలుపెట్టాడు. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌కు వచ్చే కంప్యూటర్ల ఆర్డర్లలో ఏ భాగాలు కావాలో, ఏది ఎక్కడ అమర్చాలో అది తేల్చేది. అప్పటి పేరు ఆర్1. కొన్ని వందల రూల్సుతో మొదలై 1980లలో వేలకు చేరింది. కొత్త మోడళ్ళు వచ్చినప్పుడల్లా రూల్సు మార్చాలి, ఒకటి మారిస్తే ఇంకెక్కడ ఏమవుతుందో చెప్పడం కష్టమయింది. చివరికి రైమ్ అనే పద్ధతి తయారుచేసి తిరగరాశారు. ఆ పేరు విప్పితే, ఆర్1 లోపల దాగి ఉన్నదాన్ని పైకి తేవడం అని అర్థం వస్తుంది. రూల్సు రాసేవాడి పనంతా ఆ పేరులోనే ఉంది. మన బుర్రలో ఉన్న వరసలూ, కారణాలూ, "అందరికీ తెలిసిందే కదా" అనుకున్నవీ కాగితం మీదికి రావాలి.

ఇప్పుడు రూల్సు యంత్రాలే రాసిపెడుతున్నాయి, కొన్నిచోట్ల రూల్సు లేకుండానే నిర్ణయాలు చెబుతున్నాయి. ఇక మాకు ఈ తలనొప్పి ఎందుకు అని కుర్రాళ్ళు అడుగుతారు. ఎవరు రాసినా, ఆ నిర్ణయం వెళ్ళి ఎవరో ఒకరి ఇంట్లో పోస్టు డబ్బాలో పడుతుంది. అప్పు ఇవ్వం అనో, బీమా వర్తించదు అనో. ఆ మనిషి తిరిగి అడిగేది ఒక్కటే ప్రశ్న. దానికి "కంప్యూటరు అలా చెప్పింది" అన్నది జవాబు కాదు. కంప్యూటరుకు చెప్పింది మనమే.

మనలో చాలామందిమి ఈ దేశానికి వచ్చిన కొత్తలో "రూల్సు ఒప్పుకోవు" అన్న మాట ఏదో ఒక కిటికీ దగ్గర విన్నవాళ్ళమే. ఆ రోజు కిటికీకి ఇవతల ఉన్నాం. ఇవాళ మనలో వేలమంది అవతల కూర్చుని ఆ రూల్సు రాస్తున్నాం. ఆ సంగతి మరిచిపోకూడదు.

సోమవారం ఆఫీసుకు వెళ్ళాక మీ వ్యవస్థలో ఒక్క రూలు తెరిచి చూడండి. అది ఎందుకుందో ఆ రూలు చదివితేనే తెలుస్తోందా? తెలియకపోతే, తెలిసినవాళ్ళు రిటైరయ్యేలోపల అడిగి ఒక్క వాక్యం రాసి పెట్టండి.

ప్రశ్నలుంటే అడగండి. లేకపోతే అందరం భోజనాల లైనుకు వెళదాం. అక్కడ మాత్రం ఎవరూ సేలియెన్స్ వాడకండి!